రాకెట్‌లో కాపురం

అమెరికాలో లైబ్రరీలవాళ్ళకి ఒక పెద్ద సంఘం వుంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ అంటారు. ఏ పుస్తకాన్ని అరల్లోంచి తీసెయ్యమని జనం ఎక్కువగా గోల పెట్టారో లెక్క చూసి, ఏటేటా ఒక జాబితా ప్రకటిస్తూ వుంటారు. 2014వ సంవత్సరపు జాబితాలో ఆరో స్థానం ఒక బొమ్మల కథకి దక్కింది. బట్టల్లేని బొమ్మలున్నాయన్నారు. బూతుమాటలున్నాయన్నారు. చిన్నవాళ్ళు చదవదగ్గది కాదన్నారు. సరే, ఇవన్నీ అర్థం చేసుకోదగ్గ అభ్యంతరాలే. కానీ వాటి పక్కనే మరో నేరం కూడా మోపారు. ఆ పుస్తకం 'కుటుంబ వ్యతిరేకం'ట!

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే, నేను చదివిన బొమ్మల కథలన్నిట్లోకీ ఇంత సంసారపక్షంగా వున్న కథ ఇంకోటి లేదు.

దాని పేరు 'సాగా'. రాసినాయన బ్రయన్ కె. వాన్ అనే అమెరికన్. బొమ్మలు వేసినావిడ ఫియోనా స్టేపుల్స్, కెనడా ఆవిడ, కేల్గరీ వూరు. ఇమేజ్ కామిక్స్ అనే సంస్థ 2012 మార్చిలో మొదటి సంచిక వేసింది. మన వారపత్రికల్లో సీరియల్ వచ్చినట్టే ఇదీ సంచికలుగా వస్తుంది. ఆరేసి సంచికలు కలిపి తరవాత ఒక సంపుటంగా వేస్తారు. సైన్స్ ఫిక్షన్ లోకంలో గొప్పగా చెప్పుకునే హ్యూగో బహుమతీ, బొమ్మల కథలకిచ్చే ఐస్నర్ బహుమతులూ 2013లో దీనికి వచ్చాయి. బహుమతి వచ్చినంత మాత్రాన పుస్తకం మంచిదైపోతుందని నేననను. ఆ సంగతి మన తెలుగు పాఠకులకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని బహుమతుల మాట పక్కనపెట్టి, పుస్తకంలో ఏముందో చూద్దాం.

ఆకాశంలో ఎక్కడో ల్యాండ్‌ఫాల్ అని ఒక పెద్ద గ్రహం. అక్కడివాళ్ళకి వీపున రెక్కలుంటాయి. దాని చుట్టూ తిరిగే చందమామ పేరు రీత్. అక్కడివాళ్ళకి నెత్తిన కొమ్ములుంటాయి, మంత్రాలొచ్చు. ఈ రెండిటికీ ఎప్పటినుంచో యుద్ధం. ఎందుకు మొదలైందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అయితే ఒక చిక్కుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు నాశనమైనా రెండోవారు కక్ష్య తప్పి ఎటో కొట్టుకుపోతారు. మరి యుద్ధం మానేశారా? అబ్బే! తమ ఇంటి వాకిట్లో మానేసి, తీసుకెళ్ళి ఇతర గ్రహాలవాళ్ళ వాకిట్లో పెట్టారు. ఎద్దులు కుమ్ముకుంటుంటే లేగదూడల కాళ్ళు విరిగాయన్న సామెత మనకుంది. ఇక్కడ ఎద్దులు రెండూ తమ కొట్టాల్లో హాయిగా నెమరేసుకుంటూ, కుమ్ములాట మాత్రం పక్కూరి దూడల చేత చేయిస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద దేశాలు చిన్న దేశాల గడ్డమీద చేసిన యుద్ధాలు గుర్తున్నవాళ్ళకి, ఇదేమీ గాలిలోంచి పుట్టిన కల్పన అనిపించదు.

అలా యుద్ధం అరువుకిచ్చిన గ్రహాల్లో ఒకటి క్లీవ్. అక్కడి జైల్లో అలానా అనే రెక్కల అమ్మాయి కాపలా సిపాయి. మార్కో అనే కొమ్ములవాడు ఖైదీ. వీళ్ళిద్దరినీ దగ్గర చేసింది వెన్నెలా కాదు, పాటా కాదు, ఒక నవల! డి. ఆస్వల్డ్ హైస్ట్ అనే రచయిత రాసిన ప్రేమకథ. ఇది కథలో వచ్చే రచయితే లెండి, నిజంగా వున్నాయన కాదు. బండరాయి మనిషి ఒకడూ, రాతి క్వారీ యజమాని కూతురూ ప్రేమించుకోవడం అందులో కథ. కాలక్షేపం నవల అని అందరూ పెదవి విరిచే పుస్తకం. దాన్ని అలానా ఖైదీకి పైకి చదివి వినిపిస్తుంది. యుద్ధం లేకుండా బతకొచ్చునన్న మాట ఆ ప్రేమకథలో దాగుందని ఆమె నమ్మకం. ఆమెకంత నమ్మకం, ప్రభుత్వాలకి అంత భయం. వీళ్ళని వెతకడానికి బయల్దేరిన రాజకుమారుడొకడు ఆ నవల పట్టుకుని దాని రచయిత ఇంటిదాకా వెళతాడు. ఆడవాళ్ళు చదివే సీరియల్ నవలలంటే చప్పరించేసిన విమర్శకుల్ని మనం బోలెడుమందిని చూశాం. వాళ్ళకి ఈ భాగం ప్రత్యేకంగా చదివి వినిపించాలనిపించింది నాకు.

అలానా జైలు తాళాలు తీసి మార్కోతో వెళ్ళిపోతుంది. రెండు సైన్యాల నుంచీ ఇద్దరూ అలా 'రిటైరయ్యారు'. పింఛను లేదు గాని, తలలకి వెల మాత్రం కట్టారు. కథ సరిగ్గా ఆమెకి నొప్పులొస్తుండగా మొదలవుతుంది. బళ్ళు రిపేరు చేసే షెడ్డులో పురుడు. మంత్రసాని మొగుడే. పుట్టిన పిల్లకి రెక్కలూ వున్నాయి, కొమ్ములూ వున్నాయి. ఇలాంటి పిల్ల వుండగలదని తెలిస్తే తమ యుద్ధానికి అర్థం లేదని తెలిసిపోతుందని ఉభయపక్షాలకీ బెంగ. అందుకే వెంటపడతారు. పిల్ల పేరు హేజెల్. ఈ కథంతా మనకి చెప్పేది ఆ పిల్లే, పెద్దయ్యాక.

ఆ చెప్పడంలోనే ఒక విశేషముంది. మామూలుగా బొమ్మల కథల్లో మాటల్ని గళ్ళల్లో, బుడగల్లో పెట్టి అచ్చేస్తారు. హేజెల్ మాటలు మాత్రం బొమ్మమీదనే చేతిరాతతో వుంటాయి. స్టేపుల్స్ తన చేత్తో రాసినవి. పాత ఆల్బం తిరగేస్తూ ఫొటో పక్కన 'ఇది మా నాన్న, ఇది నేను' అని రాసుకున్నట్టు వుంటుంది. తుపాకులు పేలుతున్న బొమ్మమీద కూడా ఆ గుండ్రటి అక్షరాలు నింపాదిగా నడుస్తూ వుంటాయి. ఆ పిల్ల బతికి బట్ట కట్టిందన్న ధైర్యం మనకి మొదటి పేజీలోనే ఇచ్చేస్తారు. ఇంక మనం బెంగ పెట్టుకోవలసింది మిగతావాళ్ళ గురించి.

ఇప్పుడు ఆ అభ్యంతరాల సంగతి. బూతులున్నాయా? వున్నాయి. పురిటినొప్పుల్లో అలానా మాట్లాడే మొదటి మాటే మరొకరి ముందు పైకి చదవలేం. సిగ్గుమాలిన బొమ్మలున్నాయా? అవీ వున్నాయి. కొన్ని పేజీలు నేను గబగబా తిప్పేశాను. రంగుల బొమ్మలు కదా, పిల్లలు చూసుకుంటారులే అని ఎవరైనా దీన్ని ఇంట్లో టేబులు మీద వదిలేస్తే పప్పులో కాలేసినట్టే. ఇది పెద్దవాళ్ళ పుస్తకం. అయితే మొదటి సంచిక అట్టమీద బొమ్మ చూడండి. అలానా ఒక చేత్తో తుపాకీ పట్టుకుని, రెండో చేత్తో పిల్లని రొమ్ముకి ఆనించుకుని పాలిస్తూ వుంటుంది. అది కూడా అసభ్యమే అనేవాళ్ళతో నాకు పేచీ వుంది. చంటిపిల్లకి ఆకలేస్తే యుద్ధం కూడా ఆగి చూడాలి. కన్నతల్లులకి ఇది వేరే చెప్పాలా?

ఇక అత్తమామలు. నన్నడిగితే ఈ కథలో ప్రాణమంతా అక్కడుంది. అడవిలో మొలిచిన ఒక చెట్టే వీళ్ళ రాకెట్. ఆ చెట్టెక్కి ఇద్దరూ పసిపిల్లతో పారిపోతుంటే, మొదటి సంపుటం చివర, చెప్పా పెట్టకుండా మార్కో తల్లిదండ్రులు ఆ రాకెట్లోనే ప్రత్యక్షమవుతారు. ఆకాశంలోకి పారిపోయినా అత్తగారు తప్పలేదన్నమాట! అత్త పేరు క్లారా. ఒకప్పటి సైనికురాలు. రెక్కలవాళ్ళని శత్రువులుగా తప్ప మనుషులుగా చూసి ఎరగదు. వచ్చీ రాగానే ఆవిడ చేసిన మొదటి పని, పిల్లని చూసుకునే ఆయాని ఎవరో దుష్టశక్తి అనుకుని మంత్రం వేసి ఇంకో గ్రహానికి పంపెయ్యడం. ఇప్పుడు ఆ ఆయాని వెనక్కి తేవాలి. తల్లీ కొడుకూ ఆ పనిమీద వెళతారు. రాకెట్లో మిగిలింది కోడలూ, మామగారూ, పసిపిల్లా.

మామగారి పేరు బార్. సైనికులకి కవచాలు కుట్టే పనివాడు. ముందు కోడలిని అనుమానించి, కట్టిపడేసి, పిల్లని ఎత్తుకుని చూస్తాడు. చూశాక తాతయ్య అయిపోతాడు. సూదీ దారం తీసి కోడలి ఒంటికి రక్షణగా వుండే దుస్తులు కుడతాడు. మాట్లాడుకుంటూ వుండగా ఆమెకొక రహస్యం చెబుతాడు: తనకి జబ్బు, ఇంక ఎంతోకాలం బతకడు. భార్యకి చెప్పలేదు. కొడుక్కి చెప్పలేదు. శత్రువుల ఇంటినుంచి వచ్చిన కోడలికి చెప్పాడు. ఇది ఒక ఇంటి సంగతి తెలిసినవాడు రాసిన ఘట్టం. ఇంట్లో బరువైన మాట ఒక్కోసారి కన్నబిడ్డలకి చెప్పలేం. బయటినుంచి వచ్చిన పిల్లకే చెప్పుకుంటాం. ఆయన చివరికి రాకెట్ విచ్చిపోకుండా మంత్రం పట్టి, అందరినీ కాపాడి, తను పోతాడు. అక్కణ్ణుంచి అత్తగారు విధవరాలు. కోడలిదగ్గరే వుండిపోతుంది. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమ ఒకేసారి పొంగిపోయిందని రాయలేదు రచయిత. అలా రాసివుంటే నేను నమ్మేదాన్ని కాదు. గిల్లికజ్జాలు పడుతూనే ఒకరి నీడన ఒకరు నిలబడతారు.

భాష సంగతి కూడా చెప్పాలి. కొమ్ములవాళ్ళ భాషని రచయిత ఎస్పెరాంటోలో రాయించాడు. అందరికీ ఒకే భాష వుంటే యుద్ధాలుండవని 1887లో జామెన్‌హాఫ్ అనే ఆయన తయారుచేసిన భాష అది. యుద్ధంలో మునిగివున్న వాళ్ళ నోట ఆ భాష పెట్టడం కొంటెతనమే. మార్కోవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటుంటే మనకి ఒక్క ముక్క తెలియదు. పరాయి భాష మాట్లాడే ఇంట కాపురానికి వెళ్ళిన కోడలికి మొదటి రోజుల్లో ఎలా వుంటుందో పాఠకుడికి అలానే వుంటుంది. అలానాకి మాత్రం తెలుస్తుంది. ఆమె వేలికున్న పెళ్ళి ఉంగరం మంత్రించినది, భాషలు తర్జుమా చేసిపెడుతుంది. ఆ ఉంగరం ఎక్కడిదంటారా? అసలది మార్కో మునుపటి నిశ్చితార్థం తాలూకుది! గ్వెండొలిన్ అనే ఆ పిల్ల ఆ ఉంగరాల సంగతి మర్చిపోలేదు. ఆవిడా వెంటపడుతుంది. ఇంతకంటె మంచి సీరియల్ ముడి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఇంక నాకు చాలాసేపు పుస్తకం మూసి ఆలోచించవలసి వచ్చిన భాగం నాలుగో సంపుటం. 2014లో వచ్చింది. గార్డీనియా అనే గ్రహంలో వీళ్ళు దొంగచాటుగా కాపురం పెడతారు. అలానా వేషం మార్చుకుని అక్కడి టీవీ నాటకాల్లాంటి వాటిలో నటిస్తుంది. డబ్బు తెచ్చేది ఆమె. మార్కో మొహానికి గుడ్డలు చుట్టుకుని, ఇల్లు చూసుకుంటూ, పిల్లని డాన్సు క్లాసుకి తిప్పుతూ వుంటాడు. రాకెట్లూ లేజర్లూ దాదాపు కనపడవు. ఇద్దరికీ అలసట. ఆమె పనిలో నిలబడడానికి మత్తుమందు అలవాటు చేసుకుంటుంది. ఆయన తన కష్టం విని కాస్త నవ్వే డాన్సు టీచరు వైపు మొగ్గుతాడు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒంటరివాళ్ళవుతారు. ఈ ఇద్దరూ విడిపోతారని హేజెల్ మనకి ముందే చెప్పేస్తుంది. ఎందుకు విడిపోతారో చూస్తూ కూచోవాలి మనం.

ఒకరోజు దెబ్బలాటలో మార్కో చేతిలోవున్న సరుకుల సంచీ తీసి భార్య మీదికి విసురుతాడు. ఇక జన్మలో కత్తి దూయనని ఒట్టేసుకున్న మనిషి! సైన్యాల్ని ఎదిరించిన అలానా ఆ సంచీ దెబ్బకి అతన్ని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటుంది. ఎవడో వచ్చి తుపాకీ పేల్చినప్పుడు వులిక్కిపడని నేను, ఆ సంచీకి వులిక్కిపడ్డాను. పెద్ద యుద్ధాలకి ఒట్లు పెట్టుకోవడం సులువు. పొద్దున్నించీ పిల్లతో వేగి, ఇంట్లో సరుకులు సర్దుకునే వేళకి ఆ ఒట్టు నిలబెట్టుకోవడం కష్టం. రచయిత మార్కోని వెనకేసుకు రాలేదు. అలానాది తప్పేమీ లేదని కూడా అనలేదు. ఆ ఒక్క సంచీ మూలంగా ఇల్లు విడిపోయి, పిల్ల ఒకచోటా తల్లి ఒకచోటా తండ్రి ఒకచోటా అయిపోతే, మళ్ళీ ఒకచోట చేరడానికి సంపుటాలకి సంపుటాలు పడుతుంది. ఆ మధ్యలో మనవరాలిని అంటిపెట్టుకుని ఖైదులో వున్నది ఎవరనుకున్నారు? ఆ అత్తగారే.

కుటుంబ వ్యతిరేకం అన్నవాళ్ళు బహుశా ఇలాంటి పేజీలు చూసి అన్నారేమో. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోకూడదు, ఇల్లాలు మత్తుకి అలవాటు పడకూడదు, అవన్నీ చూపిస్తే సంసారాలు చెడిపోతాయి అని. చూపించకపోతే బాగుపడతాయా? ఇంట్లో జరిగే వాటి గురించి నోరెత్తకపోవడమే మర్యాద అని పెరిగినవాళ్ళం మనం. ఆ మర్యాదవల్ల ఎవరికి సుఖమో ఎవరికి కష్టమో అందరికీ తెలుసు.

ఈ కథలో వెంటాడేవాళ్ళకి కూడా ఇళ్ళుంటాయి. తలకాయ స్థానంలో టీవీ పెట్టె వున్న ఒక రాజకుమారుడు వుంటాడు. పేరు నాలుగో ప్రిన్స్ రోబో. ఇంటిదగ్గర భార్య నిండు గర్భిణి. ఈ జంటని పట్టుకుంటే గాని ఇంటికి రావద్దని అతనికి ఆజ్ఞ. విల్ అనే కిరాయి హంతకుడుంటాడు. ఎవరైనా అబద్ధమాడితే 'అబద్ధం' అని చెప్పే పెద్ద పిల్లి అతని తోడు. పాపపు కూపంలో అమ్ముడుపోయిన సోఫీ అనే ఆరేళ్ళ పిల్లని అతనే అక్కణ్ణుంచి బయటికి తెస్తాడు. ఒకచోట ఆ పిల్ల తను మైలపడిపోయానని చెప్పుకుంటుంది. పక్కనున్న పిల్లి తన ఒకే ఒక్క మాట అంటుంది. ఆ పేజీలో ఇంకేమీ లేదు. ఎన్నో ఉపన్యాసాలు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది.

ఆయా సంగతి చెప్పనేలేదు కదూ? ఇజబెల్ అని, క్లీవ్ గ్రహపు పిల్ల, దెయ్యం. మందుపాతర మీద కాలు వేసి చచ్చిపోయింది. నడుం కింద ఏమీ లేదు, పేగులు వేలాడుతూ వుంటాయి. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. నాలుగు పేజీలు తిరిగేసరికి మనింట్లో పెరిగిన అల్లరిపిల్లలా అయిపోతుంది. పెద్దలిద్దరి యుద్ధం ఎవరి వాకిట్లో జరిగిందో ఆ వాకిటి పిల్ల ఈమె. తనని చంపిన యుద్ధం తాలూకు ఇద్దరు సిపాయిల బిడ్డకి రాత్రిళ్ళు జోకొడుతూ వుంటుంది. దీనిమీద వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు కథలో. బొమ్మ చాలు.

బొమ్మల గురించి ఇంకో మాట. మనుషుల్ని స్టేపుల్స్ సిరాగీతలతో గీస్తుంది. వెనకవున్న కొండలూ ఆకాశాలూ మాత్రం గీతలు లేకుండా వుత్త రంగుల్తో పూస్తుంది. రంగులు కూడా ఆవిడవే. దానివల్ల లోకమంతా కలలాగా, మనుషులు మాత్రం చేత్తో తాకేట్టు వుంటారు. మొహాలు చూడండి. నిద్రలేని బాలింత కళ్ళకింద నలుపు, మాట మింగేసిన అత్తగారి పెదవి, తప్పుచేసి నిలబడ్డ మగవాడి భుజాలు! తల బదులు టీవీ వున్నవాడిలో కూడా దిగులు చూపించగలిగింది ఆవిడ. అలానా అందమైనదే. అయినా పిల్లని కన్న మనిషిలాగే వుంటుంది, కేలండరు బొమ్మలా వుండదు.

లోపాలు లేవా? వున్నాయి. నెత్తురు మరీ ఎక్కువ. ప్రతి సంచిక చివరా ఏదో ఒక దెబ్బ కొట్టి వదలాలన్న సీరియల్ చపలత్వం దీనికీ వుంది. పాత్రల్ని ప్రేమించేట్టు చేసి చంపెయ్యడం ఒకటి రెండుసార్లయితే దుఃఖం, పదోసారి అలవాటు. ఎవరైనా మంచిమాట చెబితే వీడింక పోతాడేమోనని అనుమానమొచ్చే స్థితికి తెచ్చాడు రచయిత. కొన్ని సిగ్గుమాలిన బొమ్మలు కథకి అవసరమై వచ్చినవి కావు, ధైర్యం చూపించుకోవడానికి వచ్చినవి. అవి తీసేస్తే పుస్తకానికి నష్టం లేదు.

కానీ 2017లో మొదలైన ఎనిమిదో సంపుటం దగ్గర నా ఫిర్యాదులన్నీ మర్చిపోయాను. అలానా రెండోసారి గర్భవతి. కడుపులోనే బిడ్డ పోతుంది. ఆ తరవాత ఆమె ఒంటికి జరగవలసిన వైద్యం కోసం తిరగడం, ఒకచోట కాదనిపించుకోవడం, ఇదీ ఆ సంపుటంలోని కథ. ఆ బిడ్డ చలవవల్ల తల్లికి కొన్నాళ్ళు మంత్రశక్తి వస్తుంది. పుట్టని తమ్ముడు ఒక రూపం కట్టి కనపడితే, హేజెల్ వాడితో ఆడుకుంటుంది. ఇలా పోయిన బిడ్డల మాట మనిళ్ళలో ఎవరూ ఎత్తరు. 'మళ్ళీ పుడతాడులే' అని ఓదార్చి వంటింట్లోకి నడుస్తారు. ఈ పుస్తకం ఒక సంపుటమంతా కూచుని ఆ తల్లి మాట విన్నది. కుటుంబ వ్యతిరేకమా ఇది?

సంచిక చివర వుత్తరాల శీర్షిక వుంటుంది. పోస్టులో వచ్చిన వుత్తరాలే వేస్తానని రచయిత పట్టు. ఆ వుత్తరాలు రాసేవాళ్ళకి 2018 జూలైలో పెద్ద దెబ్బ తగిలింది. 54వ సంచికలో విల్ చేతిలో మార్కో చచ్చిపోయాడు. అంతకు ముందు సంచికలోనే ప్రిన్స్ రోబో కూడా వాడి చేతిలోనే పోయాడు. ఎందుకు చంపాడు? తను ప్రేమించిన మనిషిని వెనక ఎప్పుడో ఆ రాజకుమారుడు చంపాడు గనక. ఒక చావు ఇంకో చావుని కంటుంది. అక్కడ ఆపేసి, రచయితా చిత్రకారిణీ విరామం అన్నారు. కథ మొత్తం 108 సంచికలనీ, ఇది సరిగ్గా సగమనీ చెప్పారు. మళ్ళీ సంచిక వచ్చింది 2022 జనవరిలో. మూడున్నరేళ్ళు! 'ఇంకా వుంది' అన్న మాట పట్టుకుని అంతకాలం ఎదురుచూడడం, సీరియళ్ళు చదివి పెరిగిన మనకైనా కష్టమే.

తిరిగి వచ్చేసరికి కథలో కూడా మూడేళ్ళు గడిచిపోయాయి. ఇక్కడ రచయిత నిజంగా పరీక్షకి నిలబడ్డాడు. మొగుడు పోయిన ఆడదాన్ని కథల్లో రెండు రకాలుగా చూస్తాం. ఒకటి, ఫొటోకి దండ వేసి ఏడుస్తూ కూచునే విగ్రహం. రెండు, పగ తీర్చుకోవడానికి కత్తి పట్టిన కాళి. అలానా రెండూ కాదు. సరుకులు అమ్ముకుని పొట్టపోసుకుంటూ, పదేళ్ళ పిల్లని సాకుతూ, అలిసిపోయి, విసుక్కుంటూ, అప్పుడప్పుడు నవ్వుతూ వుంటుంది. దుఃఖం ఎక్కడికీ పోలేదు, పనులమధ్య ఇరుక్కుని వుంది. విధవరాళ్ళ జీవితం దగ్గరినుంచి చూసినవాళ్ళెవరైనా ఇది సరిగ్గా రాశాడంటారు.

ఆ ఇంట్లో హేజెల్‌తోపాటు ఇంకో పిల్లాడున్నాడు. మొహం స్థానంలో చిన్న టీవీ. పేరు స్క్వయర్. ఆ రాజకుమారుడి కొడుకు. ఒకప్పుడు తనని చంపడానికి వెంటపడినవాడి బిడ్డని, తల్లీ తండ్రీ లేని వాణ్ణి, అలానా తన పిల్లతో సమానంగా పెంచుతోంది. ఆ పిల్లాడు నోరు విప్పి మాట్లాడడు. ఆమె తొందరపెట్టదు. ఇదంతా గొప్ప త్యాగంలా ఎక్కడా చిత్రించలేదు. ఇద్దరికీ తిండి పెట్టాలి, ఇద్దరినీ ఒక కంట కనిపెట్టాలి, అంతే. మొదటి సంచికలో రెండు జాతుల మధ్య ఒక పెళ్ళిగా మొదలైన సంసారం ఇక్కడికి వచ్చేసరికి ఎంత వెడల్పయిందో చూడండి. అత్తగారూ, దెయ్యం ఆయా, శత్రువు కొడుకూ, పుట్టకుండానే పోయిన తమ్ముడూ, అందరూ హేజెల్ చెప్పే 'మా ఇంట్లో' అన్న మాటలో ఇమిడిపోయారు.

అందుకని ఆ అభ్యంతరం పెట్టినవాళ్ళని నేనొకటి అడగాలనుకుంటున్నాను. కుటుంబమంటే మీ లెక్కలో ఏమిటి? ఒకే రకం మనుషులు, ఒకే కులంగోత్రం, ఫొటోలో వరసగా నిలబడి నవ్వడమా? అదే అయితే ఈ పుస్తకం దానికి వ్యతిరేకమే, ఒప్పుకుంటాను. కానీ నాకు తెలిసిన ఇళ్ళు అలా నిలబడలేదు. పడని అత్తా కోడలూ ఒకరి జ్వరానికి ఒకరు కాఫీ కాచి ఇవ్వడంవల్ల నిలబడ్డాయి. తల్లిపోయిన మరిది పిల్లల్ని ఒడిలోకి తీసుకోవడంవల్ల నిలబడ్డాయి. చెప్పుకోలేని మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరుండడంవల్ల నిలబడ్డాయి.

కథ ఇంకా పూర్తికాలేదు. 108వ సంచికకి హేజెల్ ఎంతదవుతుందో, అలానా మిగులుతుందో లేదో చెప్పలేం. ఈ రచయిత అలవాటు తెలుసు గనక నాకు కొంచెం బెంగగానే వుంది. ఇంగ్లీషు చదవగలిగి, ఆ మోటుమాటలు పంటికింద రాళ్ళలా తీసిపారేసుకోగలిగిన వాళ్ళు తప్పకుండా చదవండి. పిల్లలు నిద్రపోయాక చదవండి. చదివాక పుస్తకం పై అరలో, వాళ్ళ చేతికందకుండా పెట్టండి. పెద్దయ్యాక మాత్రం మీరే తీసి వాళ్ళ చేతికివ్వండి.